ఉస్తాద్ జేబులో చాబీ

చప్పుడు లేని బండి అంటే నాకు ఇప్పటికీ భయమే. మా గల్లీలోకి కరెంటు ఆటో వస్తే అందరూ సంబరంగా ఎక్కుతారు, నేను మాత్రం గోడకు ఒరిగి నిలబడి దారి ఇస్తాను. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. జన్మంతా బండ్ల కరెంటు పని చేసి ఇంట్లో కూర్చున్న మనిషి కరెంటు బండికి జడుస్తున్నాడంటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

ఇప్పుడు ఐటీఐలలో బ్యాటరీ బండ్ల చదువులు వచ్చాయి. ఆ తరగతుల్లో కూర్చుంటున్న మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మీరు మొదటిరోజు నుంచే బ్యాటరీ బండి మీద చెయ్యి వేస్తున్నారు. దాని తీరు ఏమిటో, దాన్ని ఎట్లా బంద్ చేయాలో చెప్పడానికి మీకు ఒక సారు ఉన్నాడు, అదృష్టవంతులు. పెట్రోలు నుంచి కరెంటుకు పోయే దారి మధ్యలో ఇరుక్కున్నవాళ్లం మేము. ఆ మధ్యదారిలో వచ్చిన బండినే హైబ్రిడ్ అన్నారు. అది మా గోదావరిఖనికి వచ్చిన రోజు సంగతి మీకు చెప్పాలి.

మా గ్యారేజీ కమాన్‌పూర్ వైపు పోయే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. పొద్దంతా బొగ్గు లారీలు ముందునుంచి పోతుంటాయి. తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చినవాడు సాయంత్రానికి బూడిదరంగు చొక్కాతో ఇంటికి పోవాల్సిందే. షెడ్డు ఓనరును మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, బొగ్గు మోసే డంపర్ల ఫిట్టర్‌గా చేసి, ఒంట్లో బాగుండక నౌకరీ వదులుకుని ఈ గ్యారేజీ పెట్టుకున్నాడు. డంపర్ల మోతలో బతికిన చెవులు ఆయనవి. మనం అరిచినా సగం వినపడేది, మిగతా సగం మన పెదాలు చూసి పట్టేవాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. మిషన్ బంద్ చేశానని పైన ఉన్నవాడు ఒక మాట అన్నాడు, కిందున్న ఈయన నమ్మి చెయ్యి పెట్టాడు. మిషన్ బంద్ కాలేదు. అప్పటినుంచి ఆయన మనుషుల మాట నమ్మడం మానేసి చాబీని నమ్మడం మొదలుపెట్టాడు.

అందుకే మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి బండైనా సరే, దాని మీద చెయ్యి వేసేముందు చాబీ తీసి, పని చేసేవాడు తన సొంత జేబులో వేసుకోవాలి. పక్కవాడికి ఇవ్వొద్దు, మేకుకు తగిలించొద్దు, ఓనరు దగ్గర ఉంచొద్దు. గనిలో నేర్చుకున్న పద్ధతే అది. మీ జేబులో చాబీ ఉన్నంతసేపు మీ ప్రాణం మీ చేతిలో ఉన్నట్టు. కొత్త కస్టమర్లు చాబీ ఇవ్వడానికి నసిగితే ఉస్తాద్ బండి బయట పెట్టుకొమ్మనేవాడు.

చాబీ తరువాత ఆయన నమ్మేది తన కుడి అరచేతిని. చెవులు చేయాల్సిన పని దానితో చేయించేవాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఇంజన్‌లో ఏ మూల తేడా ఉందో చెప్పేవాడు. ఆ చెయ్యి లేకపోతే మా గ్యారేజీ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు, ఆయన భార్య అయిన మా వదినెకు మా అందరికంటే ఎక్కువ తెలుసు.

ఇక నేను. అంతకుముందు ఒక బయటి ఏజెన్సీ తరఫున గనుల్లో పెద్ద డంపర్ల కరెంటు పని చేశాను, తరువాత ఉస్తాద్ దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. పుట్టుకతోనే పిరికివాణ్ణి. హెడ్‌లైటు బల్బు మార్చాలన్నా ముందు బ్యాటరీ వైరు ఊడదీసేవాణ్ణి. మా షెడ్డులో బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసే ఒకాయన ఉండేవాడు, నన్ను ఏడిపించనిదే ఆయనకు అన్నం అరగదు. "వీడు పెండ్లిపీటల మీద కూసునేముందు గూడ పందిరిల ఫ్యూజు పీకి వచ్చిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. భయస్థుడని పేరు పడటంలో ఒక సుఖం ఉంది, ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టరు.

రాష్ట్రం కోసం కొట్లాట జోరుగా నడుస్తున్న రోజులవి. ఒక వారం బంద్, మరో వారం రాస్తారోకో. చౌరస్తాలో దీక్షల టెంటు ఎప్పుడూ ఉండేది. ఎండాకాలం. రామగుండం ఎండ గురించి నేను మీకు కొత్తగా చెప్పేది లేదు, పానా కాసేపు బయట పెట్టి మళ్లీ పట్టుకుంటే చెయ్యి కాలేది. అట్లాంటి ఒక పొద్దున డాక్టరమ్మ కారు మా షెడ్డులోకి వచ్చింది. వచ్చిందని నాకు తెలియనే లేదు. తల ఎత్తేసరికి వెనక నిలబడి ఉంది.

డాక్టరమ్మది బెజవాడ వైపు. పెళ్లయి ఇటు వచ్చి ఇక్కడే కాన్పుల దవాఖాన పెట్టుకుంది. గోదావరిఖని పిల్లల్లో సగం ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్లే, ఉస్తాద్ మనవడు కూడా. హైదరాబాద్‌లో ఉండే ఆమె అన్న జపాన్ కారు ఒకటి కొని, మోజు తీరాక చెల్లెలికి ఇచ్చాడు. బొగ్గు ఊళ్లో అట్లాంటి కారు అదొక్కటే.

"డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఏదో వెలుగుతోంది మేస్త్రి గారూ. బ్యాటరీ వేడెక్కింది అని చూపిస్తోంది. హైదరాబాద్ తీసుకెళ్దామంటే రోడ్లన్నీ బంద్. పైగా కాన్పుకి వచ్చినవాళ్లు ముగ్గురు ఉన్నారు, వాళ్లని వదిలి కదల్లేను" అన్నది.

నేను ఉస్తాద్‌ను పక్కకు పిలిచాను. "మనకు ఎరుకలేని బండి ఉస్తాద్, వద్దు" అన్నాను.

"మా బిడ్డ కాన్పు జేసింది గా అమ్మనే. ఎట్ల వద్దంటం? బండి అన్నంక గాలి, నీళ్లు, కరెంటు, ఆయిల్. గంతకంటే ఏముంటదిరా తమ్మీ?" అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, "నువ్వున్నవు గదా, డంపర్ల కరెంటు జూసినోనివి" అన్నాడు.

అది నిజమే. నేను పని చేసిన పెద్ద డంపర్లలో డీజిల్ ఇంజన్ చక్రాన్ని నేరుగా తిప్పదు. అది కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు చక్రాల్లో ఉండే మోటార్లను తిప్పుతుంది. డాక్టరమ్మ తన కారు గురించి చెప్తుంటే నాకు మా డంపరే గుర్తొచ్చింది. పెట్రోలు ఇంజనూ ఉంటుందట, కరెంటు మోటరూ ఉంటుందట, రెండూ వంతులు వేసుకుని పని చేస్తాయట. ఆమెకు ఆ బండి అంటే ముద్దు. "ఇది మధ్యలో బండి అండీ. ముందు ముందు పెట్రోలే ఉండదు, అన్నీ కరెంటువే. అందాకా జనానికి అలవాటు కావాలి కదా" అన్నది.

ఉస్తాద్ ఆమె పెదాలు చూసి మాట పట్టుకున్నాడు. "జనాలకు అలవాటైతది డాక్టరమ్మా. మరి మాకెవలు అలవాటు చేస్తరు?" అన్నాడు. అందరం నవ్వాం.

డంపర్‌కూ ఆ కారుకూ ఉన్న తేడా ఒక్కటే, కానీ ఆ ఒక్కటి నా బుర్రకు ఎక్కలేదు. డంపర్‌లో ఇంజన్ ఆగితే చక్రాల కరెంటూ ఆగుతుంది. మోత ఉంటే ప్రాణం ఉన్నట్టు, మోత లేకపోతే లేనట్టు. ఈ కారుకు ఇంజన్ ఆగినా ప్రాణం ఉంటుంది. నిద్రపోతున్న మనిషికీ పోయిన మనిషికీ ఉన్నంత తేడా అది. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కటే.

ఆ ఎర్ర గుర్తు నాకు ఒకసారి చూపించమన్నాను. ఆమె సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, ఒక గుండ్రటి బటన్ నొక్కింది. చాబీ తిప్పడం లేదు, సెల్ఫ్ మోత లేదు. డ్యాష్‌బోర్డు మీద రంగురంగుల దీపాలు వెలిగాయి, అంతే.

"ఇంజన్ ఎప్పుడు స్టార్ట్ అయితది డాక్టరమ్మా?"

"దానికి కావాలనిపించినప్పుడు అదే అవుతుంది బాబూ. మనం ఏం చెయ్యక్కర్లేదు."

ఆ మాట నాకు నచ్చలేదు. నిలబెట్టి ఇంకో రెండు ప్రశ్నలు అడగాలనుకున్నాను. అంతలో ఆమె ఫోను మోగింది. దవాఖాన నుంచి. ఆమె మొహం మారిపోయింది. "బిడ్డ అడ్డం తిరిగిందట, నేను వెళ్లాలి" అంటూ కారు దిగి, చాబీ ఉస్తాద్ చేతిలో పెట్టి, రోడ్డు మీద పోయే ఆటోను ఆపి ఎక్కేసింది. తలుపు పడగానే కారు కీ, కీ మని ఏదో కూసింది. కొత్త కార్లు తలుపు వేస్తే కూస్తాయి గదా, అదేననుకున్నాను. ఉస్తాద్‌కు ఆ కూత వినపడే అవకాశమే లేదు.

చాబీ అంటే చాబీలా లేదు. అగ్గిపెట్టె అంత నల్లటి ప్లాస్టిక్ ముక్క. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు, జేబును పైనుంచి తట్టాడు. తర్వాత బానెట్ మీద కుడి అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. అదురు లేదు. "బంద్ ఉన్నది. జల్ది పని వట్టు" అన్నాడు.

ఆయన పెట్టుకున్న పరీక్షలు రెండూ అయ్యాయి. ఆ రెంటిలోనూ ఆ కారు పాసయింది.

డెంటింగ్ ఆయన దీక్ష టెంటు దగ్గరికి పోయాడు. షెడ్డులో మేమిద్దరమే. నేను వెనక తలుపు తీసి సీటు విప్పాను. పెద్ద బ్యాటరీ వెనక సీటుకు ఆనుకుని ఉంది, దానినుంచి నారింజరంగు తొడుగు ఉన్న లావు తీగలు ముందుకు పోతున్నాయి. అవి చూడగానే డంపర్ల నాటి రబ్బరు గ్లౌజులు తెచ్చి తొడుక్కున్నాను. ఆ తీగలకు తగలకుండా మోచేతులు దగ్గరికి ముడుచుకుని, ఊపిరి బిగబట్టి పని చేశాను. నా భయమంతా ఆ తీగల మీదనే పెట్టాను. భయపడేవాడికి ఉండే పెద్ద కష్టం అదే, ఒకచోట భయపడుతుంటే మిగతా చోట్లన్నీ మంచిగానే ఉన్నాయనిపిస్తుంది.

జబ్బు తొందరగానే దొరికింది. బ్యాటరీని చల్లబరచడానికి సీటు పక్కన ఒక గాలిదారి ఉంది, లోపల చిన్న ఫ్యాను. జపాన్‌లో ఆ దారిలోంచి గాలి పోతుందేమో, మా దగ్గర బొగ్గు దుమ్ము పోయింది. దారంతా నల్లటి కంబళి ముక్కలా మూసుకుపోయి ఉంది. బ్రష్షుతో, గుడ్డతో కొంచెం కొంచెంగా లాగడం మొదలుపెట్టాను. నాకు సంతోషమైంది కూడా. పెద్ద రోగం కాదు, గాలి ఆడక ఉక్కపోసింది, అంతే.

ముందువైపు ఉస్తాద్ బానెట్ ఎత్తి రేడియేటర్ నీళ్లు, పైపులు చూస్తున్నాడు. ఒక పైపు క్లిప్పు వదులైందని విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. అప్పుడే ఓపెన్‌కాస్ట్‌లో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పేలింది. రోజూ పేలేదే. రేకులు గలగలలాడాయి, కింద నేల ఒకసారి ఊగింది. ఉస్తాద్ చేతిలోని క్లిప్పు జారి కిందికి పోయింది.

"క్లిప్పు ఫ్యాన్ల వడ్డది తమ్మీ. తీస్తున్న" అని అరిచాడు. చెవులు వినపడనివాళ్లు గట్టిగానే మాట్లాడతారు.

ఎత్తిన బానెట్ కింద ఉన్న సందులోంచి నాకు ఆయన చొక్కా చెయ్యి ఒక్కటే కనపడుతోంది. అది మెల్లగా కిందికి దిగింది. మోచెయ్యి దాకా, ఆపైన భుజం దాకా. రేడియేటర్‌కూ ఫ్యాను రెక్కలకూ మధ్య కుడిచెయ్యి పెట్టి తడుముతున్నాడు.

నేను తల వంచి గాలిదారిలో ఆఖరి దుమ్ము లాగుతున్నాను. అప్పుడు నా చేతిలో ఉన్న గుడ్డనుంచి ఒక దారప్పోగు ఊడి, దానంతట అదే జరుక్కుంటూ పోయి గాలిదారికి అతుక్కుంది. ముందు మురిసిపోయాను, దారి శుభ్రమైంది, గాలి లాగుతోందని. ఆ వెంటనే గుడ్డ వదిలేశాను. గాలి లాగుతోందంటే లోపల ఫ్యాను తిరుగుతోంది. బంద్ అయిన బండిలో ఫ్యాను ఎందుకు తిరుగుతుంది?

తల ఎత్తి ముందు సీట్ల మధ్యలోంచి చూశాను. డ్యాష్‌బోర్డు లోతుగా ఉంది, ఎండ వెలుగులో సరిగ్గా కనపడలేదు. ఇంకొంచెం వంగాను. చిన్న పచ్చని అక్షరాలు వెలుగుతున్నాయి. రెడీ.

డాక్టరమ్మ దాన్ని ఆపకుండానే పోయింది. 'దానికి కావాలనిపించినప్పుడు అదే అవుతుంది' అన్న ఆమె మాట చెవిలో గింగురుమంది. ఇప్పుడు దానికి కావాలనిపిస్తే ఇంజన్ లేస్తుంది, దానితోపాటు ఆ ముందు ఫ్యాను లేస్తుంది. ఆ రెక్కల మధ్య ఉస్తాద్ కుడిచెయ్యి ఉంది.

"ఉస్తాద్!" అని అరిచాను. చొక్కా చెయ్యి కదలలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ఎవరికి వినపడాలి? దిగి పోయి భుజం మీద తట్టాలంటే, సీటు ముక్కల మధ్య ఇరుక్కుని ఉన్నాను, బయటపడి చుట్టూ తిరిగి పోవాలి. ఆ బటన్ నొక్కుదామా అంటే, స్టార్ట్ చేయడానికి ఆమె నొక్కింది కూడా అదే బటన్. నేను నొక్కితే బంద్ అవుతుందా, ఇంజనే లేస్తుందా? నాకు తెలియదు. నా వేలు దాని మీద దాకా పోయి వెనక్కి వచ్చింది. మీకిప్పుడు నవ్వులాటగా ఉంటుంది. ఆ బటన్ ఏం చేస్తుందో మీ మొదటి పాఠంలోనే చెప్పి ఉంటారు. ఆ రోజు గోదావరిఖని మొత్తంలో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆపరేషన్ గదిలో ఉంది.

అప్పుడు నా బుర్ర చేయలేని పని నా చెయ్యి చేసింది. ముందు సీట్ల మధ్యలోంచి పడి స్టీరింగ్ మీద అరచెయ్యి పెట్టి హారన్ నొక్కి పట్టాను. ఒక్కటే, పొడుగ్గా.

గనిలో పని చేసినవాళ్లకు ఆ హారన్ అర్థం చెప్పక్కర్లేదు. డంపర్ స్టార్ట్ చేసేముందు ఒక హారన్, ముందుకు కదిలేముందు రెండు, వెనక్కి పోయేముందు మూడు. ఒక పొడుగు హారన్ విన్నారంటే, ఎవరు, ఎందుకు అని అడగకుండా మిషన్ మీది నుంచి చేతులు తీసేయాలి. కారు హారన్ రేడియేటర్ పక్కనే ఉంటుంది, అంటే ఉస్తాద్ మొహం ముందు. ఆ చెవులకు కూడా వినపడింది. సందులో కనపడుతున్న చొక్కా చెయ్యి ఒక్కసారిగా మాయమైంది. పానా నేల మీద పడిన చప్పుడు వచ్చింది.

ఉస్తాద్ నా వైపు తలుపు దగ్గరికి ఉరికి వచ్చాడు. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా చర్మం గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆయనకు అంత కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"పిచ్చి లేసిందారా నీకు? లోపట చెయ్యి వెట్టినోని మొఖం మీద హారన్ గొడ్తవా? పరాచికం అనుకుంటున్నవా?"

డ్యాష్‌బోర్డు వైపు వేలు చూపించాను. "బంద్ లేదు ఉస్తాద్... బంద్ లేదు..."

నా పెదాలు చూసి ఆయన ఇంకా మండిపోయాడు. "చాబీ నా జేబుల ఉంటె ఎట్ల బంద్ ఉండది? గిదో, నా జేబుల!" అని నెత్తురు చేత్తోనే జేబును తట్టాడు.

అప్పుడు ఇంజన్ లేచింది.

ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. ఇంజన్ లేచింది, ముందు ఫ్యాను గిర్రున తిరిగింది. ఉస్తాద్ ఎడమచెయ్యి కారు తలుపు మీద ఉంది, ఆ అదురు ఆయనకు దాని గుండా తెలిసింది.

ఆయన మెల్లగా జేబులోంచి ఆ నల్ల ముక్క తీశాడు. దాన్ని చూశాడు, కారును చూశాడు. దాన్ని పిడికిట్లో పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. షెడ్డు దాటాడు, లారీలను ఆగమని చెయ్యి చూపి రోడ్డు దాటాడు, అవతల చాయ్ హోటల్ దగ్గర నిలబడి ఇటు తిరిగాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఇన్నేళ్లుగా తన ప్రాణానికి కాపలా పెట్టుకున్న చాబీ పిడికిట్లో ఉంది, కారు మాత్రం దానిని లెక్కచేయకుండా నడుస్తోంది. అంత దూరం నుంచి కూడా ఆయన మొహం నాకు కనపడింది. అది ఇప్పటికీ నాకు కళ్ల ముందే ఉంటుంది.

ఆయన తిరిగి వచ్చేలోగా ఇంజన్ దానంతట అదే ఆగిపోయింది. అది నడవడం కంటే ఆగడమే ఎక్కువ భయం పుట్టించింది. పాము దూరిన ఇంటి ముందు నిలబడినట్టు ఇద్దరం కారుకు దూరంగా నిలబడ్డాం.

"ఇప్పుడు బంద్ అయిందా?" అని ఉస్తాద్ నన్ను అడిగాడు. ఆయన నన్ను అట్లా అడగడం అదే మొదటిసారి.

"తెల్వదు ఉస్తాద్."

అంతలో డెంటింగ్ ఆయన టెంటు దగ్గరి మనుషులను నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. నెత్తురు చూశారు, కారు చూశారు. "డాక్టరమ్మ బండేనా గిది? ఆంధ్రోళ్లకు గిసొంటి బండ్లే దొరుకుతయి, చచ్చేది మనోళ్లు" అని ఒకడు గొంతు పెంచాడు. నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ రోజుల్లో ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పలేకపోయేవాళ్లం. ఉస్తాద్ చేతికి గుడ్డ చుట్టుకుని, "పానా జారి గీసుకపోయింది. బండి ఏం జేసింది, బండికి ఆంధ్రా ఎక్కడిది? పోయి మీ దీక్ష జూసుకోండ్రి" అని పంపించేశాడు.

పొద్దు వాలాక డాక్టరమ్మ అలసిపోయిన మొహంతో వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమమని చెప్తూ చెప్తూ మా మొహాలు చూసి ఆగిపోయింది. జరిగింది చెప్పాను. ఆమె కారులోకి వంగి చూసి, "అయ్యో, నేను ఆపలేదా" అని నుదురు కొట్టుకుని బటన్ ఒకసారి నొక్కింది. దీపాలన్నీ ఆరిపోయాయి. అంతే, ఒక్క నొక్కు. నేను నొక్కలేకపోయిన బటన్ అదే.

ఉస్తాద్‌ను తన దవాఖానకే తీసుకుపోయి తనే కుట్లు వేసింది. వేస్తున్నంతసేపు కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, తప్పు తనదేనని అంటూనే ఉంది. "ఎవ్వలది గాదు డాక్టరమ్మా. తెల్వకపోవుడే తప్పయితే మనమందరం జైల్ల ఉందుము" అన్నాడు ఉస్తాద్.

కబురు తెలిసి వదినె ఉరికి వచ్చింది. కట్టు కట్టిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని వేళ్లన్నీ ఒక్కొక్కటిగా వంచి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "చెవులు పనిజెయ్యయి. ఆ ఎడమ చెయ్యి సగమే. గిది గూడ పోతే గాయినకు బువ్వ నేను తినవెట్టాలె తమ్మీ. గా హారన్ గొట్టకపోతే ఏమైతుండె?" అన్నది. పొగిడిందో, బెదిరించిందో నాకు అర్థం కాలేదు. చేతులు కడుక్కునే వంకతో బయటికి పోయి కాసేపు ఏడ్చాను.

కారు మాత్రం బాగైంది. గాలిదారిలో దుమ్ము పోగానే ఎర్ర గుర్తూ పోయింది. డాక్టరమ్మ దాన్ని చాలాకాలం నడిపింది.

బాగుకానిది ఉస్తాద్. కుట్లు విప్పిన తర్వాత మొదటి పని ఒక పాత డీజిల్ జీపుది. ఇంజన్ ఆగితే అర కిలోమీటరు దాకా తెలిసే బండి అది. ఆయన చాబీ తీసి జేబులో వేసుకున్నాడు, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. తర్వాత నన్ను పిలిచి, నా మొహం చూస్తూ అడిగాడు: "బంద్ అయిందారా?"

"అయింది ఉస్తాద్."

అప్పుడు చెయ్యి లోపల పెట్టాడు.

ఆ రోజునుంచి ప్రతి బండికీ అదే ప్రశ్న. మనుషుల మాట నమ్మనన్న మనిషి నా ఒక్కడి మాట మీద చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన నిమ్మళంగా ఉండేవాడు, నాకే నిద్ర కరువైంది. బ్యాటరీ వైరు ఊడదీసి, చాబీ తెచ్చి షెడ్డు బయట డబ్బాలో పెట్టి, మళ్లీ పోయి వైరు చూసి వచ్చి, అప్పుడు గానీ 'అయింది' అనేవాణ్ణి కాదు. అన్నాక కూడా ఆయన చెయ్యి బయటికి వచ్చేదాకా అక్కడినుంచి కదిలేవాణ్ణి కాదు. డెంటింగ్ ఆయన నన్ను ఏడిపించడం మానేశాడు. మీకు చెప్తే నమ్మరు, అది నాకు బాధే అయింది.

రాష్ట్రం వచ్చిన సంబరాల్లో ఊరంతా గులాల్ రంగు చల్లుకుని ఎర్రబడ్డ రోజులు. ఒక కాంట్రాక్టరు బావమరిది ఒక చిన్న కారు తెచ్చాడు. ఈసారి మధ్యలో బండి కాదు, పూర్తి కరెంటుది. ఇంజనే లేదు. కింద ఏదో తగిలి తొడుగు పగిలింది, దాని వెనకే ఆ నారింజ తీగలు.

"ఆఫ్ చేసిన అన్నా, జల్ది చూడుండ్రి, ఊరేగింపుకు పోవాలె" అన్నాడు ఆయన.

ఉస్తాద్ కారు పక్కన కూర్చుని, కుడిచెయ్యి సగం ముందుకు చాపి, నా వైపు తిరిగాడు. కళ్లు నా పెదాల మీద ఉన్నాయి.

నేను దీపాలకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ వైరు ఊడదీశాను. చాబీ దూరం పెట్టాను. లోపల వంగి చూశాను, దీపాలేవీ లేవు. కానీ ఆ పెద్ద బ్యాటరీని విడదీసే ప్లగ్గు ఎక్కడుందో, తీశాక ఎంతసేపు ఆగాలో నాకు తెలియదు. తొంభై పాళ్లు బంద్ అయ్యే ఉంటుంది. కారు ఓనరు గడియారం చూసుకుంటున్నాడు. డెంటింగ్ ఆయన సుత్తి ఆపి ఇటే చూస్తున్నాడు. అయిందంటే అయిపోతుంది, చిన్న పని. ఉస్తాద్ చెయ్యి అట్లాగే గాలిలో ఆగి ఉంది.

"తెల్వదు ఉస్తాద్" అన్నాను చివరికి.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి, ఓనరు వైపు తిరిగి, "మా ఎలక్ట్రీషియన్ తెల్వదన్నడు. లారీ మీద హైదరాబాద్ తీస్కపో అన్నా" అన్నాడు. ఓనరు ఏవేవో అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఉస్తాద్‌కు వినపడలేదో, వినదలుచుకోలేదో, అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. నన్ను రమ్మని సైగ చేశాడు.

హోటల్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన చాయ్ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఊదుకుంటూ, నిమ్మళంగా తాగాడు. నేను నా చాయ్ చల్లారేదాకా ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.